మోకాలికి స్లాబు దావత్

నానక్‌రామ్‌గూడ
సోమవారం

నిటారు ఎముకల దవాఖానల ఎస్టిమేట్లు రాసే సారుకు,

లింగమూర్తి మేస్త్రీ నమస్తే. ఇక్కడ మేమంత మంచిగున్నం, నా భార్య కుడి మోకాలు తప్ప. మీరు సుత మంచిగుండాలె.

పోయిన శనివారం నా భార్య భూలక్ష్మిని మీ దవాఖానకు తోల్కొచ్చిన. డాక్టరు సారు ఎక్స్‌రే చూసి, మోకాలు అరిగిపోయింది, మార్చాలె అన్నడు. అటెన్క కింద కౌంటర్ల ఒక కాయితం చేతుల పెట్టిన్రు. ఆపరేషన్‌కు ఎంత, లోపల పెట్టే మోకాలికి ఎంత, రూముకు ఎంత, మందులకు ఎంత, అన్ని ముందే రాసున్నయి. ఇదేందని అడిగితే, ఇప్పుడు రూలు అట్లనే ఉన్నది, ముందే చెప్పాలె, చెప్పినదానికంటె ఎక్కువ తీసుకోవద్దు, ఏమన్న అడిగేదుంటె రాసి డబ్బాల ఏస్తే మేము సుత రాసి జవాబిస్తం అన్నరు. నాకు మస్తు సంతోషమైంది. నేను జీవితమంత ఇండ్లు కట్టిన మనిషిని. ఎస్టిమేట్ అంటె ఏందో నాకు తెల్సు. అది ఓనరు ధైర్యం కోసం చెప్పే మాట. అసలు లెక్క గోడ లేచినంక వస్తది. మీరు గోడ లేవకముందే అంత రాసిచ్చిన్రంటె మీ గుండె గట్టిది.

అయితె నాకు కొన్ని అనుమానాలున్నయి. నోటి మాట నీటి మూట, అందుకే రాస్తున్న.

మొదలు, ఇది గుత్తనా, రోజుకూలినా? గుత్త అయితె పని మొత్తానికి ఒకటే రేటు, పని ఎన్ని దినాలైన మాకు ఫికర్ లేదు. రోజుకూలి అయితె డాక్టరు సారు మధ్యల చాయ్‌కు పోతే అది ఎవరి ఖాతాల వస్తది?

ఇంకోటి, రాయి తగిలితే ఎట్ల? మా ఏరియాల యాడ తవ్విన రాయే. ఎస్టిమేట్ కింద 'రాయి తగిలితే వేరే' అని రాయని మేస్త్రీ ఈ ఊర్ల లేడు. మీ కాయితం కండ్లద్దాలు పెట్టుకొని నాలుగు దిక్కుల జూసిన, యాడ కనబడలే.

లోపల పెట్టే సామాను మీదా, మేము తెచ్చుకోవాల్నా? తెచ్చుకునేదైతె జర ముందు చెప్పుండ్రి, తెల్సిన షాపుల మంచి ఇనుము ఇప్పిస్త. క్యూరింగ్ ఎన్ని దినాలు? స్లాబేసి నీళ్ళు కొట్టకపోతె పగుళ్ళొస్తయి, మోకాలికి ఎట్లనో నాకు తెల్వది.

ఇగ ఆఖరిది, అసలుది. దావత్ యాడ రాసిన్రు?

జర జల్ది జవాబియ్యుండ్రి. ఆషాఢం బోనాల నాటికి భూలక్ష్మి నడవాలె. పోయినేడు ఆమె బోనం పక్కింటామె ఎత్తింది. ఈమె గడప మీద గూసోని చూసింది. నవ్వుకుంటనే చూసింది గాని, అటెన్క దినమంత అన్నం తినలే. మళ్ళ ఆ మొకం నేను చూడలేను.

ఈ ఉత్తరం మా కిష్టయ్యతోని పంపుతున్న. షేర్ ఆటో నడుపుతడు, మీ గేటు ముంగట్నుంచే రాయదుర్గం మెట్రోకు తిరుగుతడు. జవాబు సుత ఆయనకే ఇయ్యుండ్రి.

ఇట్లు,
పైసలు కట్టుటకు, ప్రశ్నలు అడుగుటకు తయారుగున్న
లింగమూర్తి మేస్త్రీ

తా.క.: మోకాలు ఎట్ల మారుస్తరో నాకు సమజైనట్టు కాయితం ఎనుక బొమ్మ గీసిన. తప్పుంటె డాక్టరు సారును దిద్దమనుండ్రి.

*

నిటారు హాస్పిటల్
ముందస్తు అంచనాల విభాగం
బుధవారం

శ్రీ లింగమూర్తి గారికి నమస్కారమండి.

మీ ఉత్తరం అందింది. నేను సారుని కాదండి, భార్గవిని. ఈ కౌంటర్లో చేరాక నాకొచ్చిన మొదటి ఉత్తరం మీదే. ఇన్నాళ్ళూ ఆ డబ్బాలో చాక్లెట్ కాగితాలూ, పార్కింగ్ చీటీలూ తప్ప ఏమీ పడలేదు. మా మేనేజరు శివశంకర్ గారు మీ ఉత్తరం పట్టుకుని "చూశారా, రూలు పనిచేస్తోంది" అంటూ ఆఫీసంతా తిరిగొచ్చారు.

ఇది గుత్తేనండి. మేం ప్యాకేజీ అంటాం. డాక్టరుగారు టీ తాగినా, తాగకపోయినా రేటు మారదు. రాయి తగిలే ప్రసక్తి లేదండి, ఎక్స్‌రే చూసే లెక్క వేశాం. ఏదైనా మార్పు తప్పనిసరైతే ముందు మీకు చెప్పి, సంతకం తీసుకున్నాకే ముందుకు వెళ్తాం. సామాను మాదే. దయచేసి మీరు షాపులో ఏమీ కొనకండి. మీరు క్యూరింగ్ అన్నదాన్ని ఇక్కడ ఫిజియోథెరపీ అంటారు. అంటే రోజూ నడిపించడం. కుట్లు విప్పేదాకా నీళ్ళు తగలకూడదు. ఈ ముక్క కింద గీత గీస్తున్నాను, ఎందుకంటే మీరు అంత తేలిగ్గా మాట వినే మనిషి కాదని మీ ఉత్తరం చదివితే అనిపించింది.

దావత్ సంగతి అడిగారు. అలాంటి ఛార్జీ మా రేట్ల పట్టికలో లేదండి. ఆయాలు, వార్డు బాయ్‌లు, ఎవరికీ విడిగా ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఎవరైనా అడిగితే నాకు చెప్పండి.

వచ్చే గురువారం పొద్దున్నే ఆపరేషన్. అప్పటినుంచి చూసుకుంటే ఆషాఢానికి భూలక్ష్మి గారు హాయిగా నడుస్తారని డాక్టరుగారు అన్నారు. ఆవిణ్ణి అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ ప్రశ్నలకు కృతజ్ఞురాలు
భార్గవి

తా.క.: మీ బొమ్మ డాక్టరుగారికి చూపించాను. చాలాసేపు చూసి, "ఇల్లు బావుంది, మెట్లు ఏ పక్కనుంచి?" అని అడిగారు.

*

నానక్‌రామ్‌గూడ
గురువారం

భార్గవి బిడ్డకు,

లింగమూర్తి మేస్త్రీ దీవెనలు. ఆడపిల్లవని తెల్వక సారు అని రాసిన, మనసుల పెట్టుకోకు.

నీ జవాబు భూలక్ష్మికి చదివి ఇనిపించిన. గుత్త అన్నకాడ తల ఊపింది. నీళ్ళు కొట్టొద్దన్నకాడ పడి పడి నవ్వింది, ఎందుకంటె నేను అప్పటికే పైపు కొన్న. పైసలు నిన్ననే మీ కౌంటర్ల కట్టేసిన. రసీదు దేవుని పటం ఎనుక పెట్టిన.

కాని బిడ్డా, దావత్ సంగతి నీకు సమజ్ గాలే. మీ దిక్కు లేదేమో. మా దిక్కు స్లాబేసిన నాడు ఇంటి ఓనరు పనోళ్ళందరికి దావత్ ఇస్తడు. పొద్దుగాల్నుంచి కంకర మోసినోళ్ళు, సిమెంటు మాల్ కలిపినోళ్ళు, కడ్డీ కట్టినోళ్ళు, అందరు ఒక్కకాడ గూసోని యాట కూర తింటరు. ఓనరు భుజం మీద తువ్వాల ఏసుకొని సొంతంగ వడ్డిస్తడు. ఆ దినం మేస్త్రీ లేదు, కూలోడు లేడు, అందరు చుట్టాలే. అది కూలి గాదు, బక్షీసు గాదు. ఎస్టిమేట్ల రాసేది గాదని నాకు సుత తెల్సు. మీరు అన్ని రాసెటోళ్ళు గద, ఇది సుత రాసిన్రేమో అని అడిగిన. రాయలేదంటె నా ఇష్టానికి ఇడిచిపెట్టిన్రని అర్థం. మంచిదే, నాకు గదే కావాలె.

అందుకే అంగడికి పోయి యాటను కొన్న, మీ దిక్కు మేకపోతంటరేమో. మంచి బలమైన యాట. ఇంటి ముంగట కట్టేసిన. భూలక్ష్మి కుర్చీల గూసోని దానికి ఆకేస్తున్నది, వద్దన్న ఇంటలేదు, ముచ్చట సుత పెడుతున్నది.

నాకు ఒకటి చెప్పు. ఆపరేషన్ రూముల ఎంతమంది ఉంటరు? మత్తు ఇచ్చే సారు మన లెక్కలనేనా, వేరే గుంపా? గురువారం నాడు కూర ముట్టనోళ్ళుంటె ముందే చెప్పు, వాళ్ళకు పప్పు, బగారా అన్నం చేయిస్త. ఒక్కరు సుత ఉత్తచేతులతోని పోవద్దు.

ఇట్లు,
వడ్డించుటకు తువ్వాల ఉతికించిన
లింగమూర్తి

తా.క.: తినేటోళ్ళు చూడకుండ మాల్ మంచిదని ఎట్ల నమ్ముతరు? రేపు యాటను కిష్టయ్య ఆటోల పంపిస్త. డాక్టరు సారును జర బయటికొచ్చి నడుం పట్టి చూడమను. చూసి వాపస్ పంపుండ్రి.

*

నిటారు హాస్పిటల్
ముందస్తు అంచనాల విభాగం
శనివారం

శ్రీ లింగమూర్తి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం శివశంకర్ గారు పక్కన నిలబడి చెబుతుంటే రాస్తున్నాను, కాబట్టి భాష కాస్త ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఏమీ అనుకోవద్దండి.

నిన్న మధ్యాహ్నం మెయిన్ గేటు దగ్గర షేర్ ఆటోలోంచి ఒక యాట దిగింది. ఆటో డ్రైవరు "డాక్టరు సారుకు చూపియ్యాలె" అన్నాడు. లోపలికి వచ్చే ప్రతివారి పేరూ రాయాలని మా సెక్యూరిటీ వాళ్ళకి ఆదేశం ఉంది. వాళ్ళు రాశారు. పేరు: యాట. ఎవరి కోసం: డాక్టరుగారి కోసం. పేషెంటుకి ఏమవుతారు: తెలియదు. పాస్ ఇచ్చి మెడలో వేశారు. అది లాబీలో అలంకరణకి పెట్టిన మొక్కల దగ్గర కొంతసేపు వేచి ఉంది. ఆ మొక్కలు ఇప్పుడు లేవు.

ఈ విషయమై మా బిల్లింగ్ పారదర్శకత కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ముందస్తు అంచనాలో లేనిది ఏదైనా సరే, డబ్బు రూపంలో గానీ, వస్తు రూపంలో గానీ, నాలుగు కాళ్ళ రూపంలో గానీ పేషెంటు తరఫువారి నుంచి స్వీకరించరాదని తీర్మానించారు. కావున మీ దావత్‌ని హాస్పిటల్ తిరస్కరించడమైనది. డాక్టరుగారు, మత్తు డాక్టరుగారు, నర్సులు, ఎవరూ హాజరు కారు. అలాగే, మా సిబ్బందిలో ఎవరైనా మిమ్మల్ని యాట అడిగారా? అడిగితే వారి పేరూ, హోదా, ఎన్ని కిలోలు అడిగిందీ రాసి పంపగలరు. విచారణ జరుపుతాం.

ఇట్లు,
భార్గవి
(హాస్పిటల్ ముద్ర)

తా.క.: ముద్ర కొట్టేసి శివశంకర్ గారు వెళ్ళిపోయారండి, ఇది నా మాట. విజిటర్ పాస్ దాని మెడలోనే ఉండిపోయింది. కాస్త వాపసు పంపరూ, లెక్క తేలక ఆయన నిద్రపోయేలా లేరు.

*

నానక్‌రామ్‌గూడ
సోమవారం

భార్గవి బిడ్డకు,

దీవెనలు. నీ ఉత్తరం ఈసారి నేను భూలక్ష్మికి చదివి ఇనిపించలే. చాటుకు గూసోని రాస్తున్న.

నన్ను ఎవ్వరు యాట అడగలే. ఎవ్వరి పేరు రాయను. అడిగితే పెట్టేది దావత్ గాదు బిడ్డా, అది దండుగ. పాపం మీ ఆయాలు మంచోళ్ళు, వాళ్ళను విచారణ గిట్ల అని పరేషాన్ చెయ్యకుండ్రి.

నా పరేషాన్ వేరే ఉన్నది. మా పనిల ఒక మాటున్నది, దావత్ వద్దన్న మేస్త్రీని నమ్మొద్దని. నర్సయ్య మేస్త్రీ అని నా తోటోడుండె. ఒక ఇంటికి స్లాబేసి, దావత్‌కు రమ్మంటె కడుపుల బాగలేదని ఇంటికి పోయిండు. మేమంత తిన్నం. అసలు సంగతేందంటె వాడు కడ్డీ తక్కువేసిండు. తాను ఏసిన స్లాబు కింద గూసోని తినాలంటె వానికే భయం. సెంట్రింగ్ చెక్కలు ఇప్పిన నాడు ఆ స్లాబు ఉయ్యాల లెక్క కిందికి ఒంగింది. పని మీద నమ్మకమున్నోడు కడుపు నిండ తింటడు. నమ్మకం లేనోడే సాకు చెప్తడు.

ఇప్పుడు మీ దవాఖానంత దావత్ వద్దంటున్నది. డాక్టరు సారు వద్దంటున్నడు, మత్తు సారు వద్దంటున్నడు, మీటింగ్ పెట్టి, ముద్ర కొట్టి మరీ వద్దంటున్నరు. బిడ్డా, నీ తండ్రిలాంటోన్ని అడుగుతున్న. ఎక్స్‌రేల సారుకు ఏం కనబడ్డది? ఆమెకు ఏమన్న అయితదని తెల్సే ఎవ్వరు తింటలేరా?

నాకు ముద్ద దిగుతలేదు. పడుకుంటె ఆ ఒంగిన స్లాబే కనబడుతున్నది. గురువారం రద్దు చెయ్యి. మాకు మోకాలు వద్దు. ఆమె కుంటుకుంట అయినా నా ఇంట్ల తిరుగుతది, నన్ను తిడుతది, చాయ్ పెడుతది. నాకు గది చాలు. బోనం ఎవరన్న ఎత్తుతరు.

ఆమెకు మాత్రం చెప్పకు. డాక్టరు సారు ఊర్ల లేడని చెప్త నేను.

ఇట్లు,
లింగమూర్తి

తా.క.: పాస్ అడిగినవ్. యాట తిన్నది. పట్టీ మిగిలింది, అది పంపుతున్న. సారుకు నా తరఫున మాఫీ చెప్పు.

*

నిటారు హాస్పిటల్
బుధవారం

లింగమూర్తి బాబాయి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం శివశంకర్ గారికి చూపించకుండా రాస్తున్నాను, అందుకే ముద్ర లేదు. మిమ్మల్ని ఇంత భయపెట్టింది నా ఉత్తరమే. చదువుతుంటే నాకు ఏడుపొచ్చిందండి.

మీ ఉత్తరం పట్టుకుని తిన్నగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఆయన నిలబడే చదివారు. చదివి, ఎక్స్‌రే మళ్ళీ తెప్పించి లైటు ముందు పెట్టి నాకు కూడా చూపించారు. మోకాలు అరిగిందండి, అంతే. ఇంకేమీ లేదు. ఎముక గట్టిది, గుండె పరీక్ష బావుంది, షుగర్ లేదు. "ఈయన చెప్పింది నిజమే, పని మీద నమ్మకం ఉన్నవాడే తింటాడు, నేను తింటానని చెప్పమ్మా" అన్నారు. అని, మళ్ళీ కమిటీ గుర్తొచ్చి మొహం వేలాడేశారు. వాళ్ళింట్లో ఆయనకి రోజూ ఓట్స్ పెడతారట. ఆయన మాంసం కూర మొహం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. కాబట్టి వద్దన్నది భయంతో కాదని నమ్మండి. అది ఆయన త్యాగం.

మరి రూలు ఎందుకంటారా. మా నాన్నగారికి ఒకసారి ఒంట్లో బాలేక ఆసుపత్రిలో చేర్చాం. ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు. రోజుకో కాగితం వచ్చేది, దానికి తోడు స్ట్రెచర్ తోసినవారికి ఇంత, తలుపు తీసినవారికి ఇంత. మొదట ఎవరో సంతోషంగా ఇచ్చి ఉంటారు, మేం వెళ్ళేసరికి అది ఇచ్చి తీరాల్సినదైపోయింది. నాన్న మంచం మీద పడుకుని "ఇవాళ ఎంతయిందే అమ్మాయ్" అని అడిగేవారు. నొప్పిగా ఉందని ఒక్కరోజూ చెప్పలేదు. నొప్పి చెబితే దానికో ఛార్జీ పడుతుందని ఆయన భయం. ఇప్పుడు బానే ఉన్నారు, కానీ ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. అందుకే నాకీ కౌంటరు ఇష్టం. ముందే అంతా చెప్పేస్తే, మనిషి హాయిగా తన నొప్పి గురించి తాను మూలుగుకోవచ్చు. మీరు ప్రేమగా పెట్టే కూర రేపు ఇంకో పేదవాడు అప్పు చేసి పెట్టాల్సిన కూర కాకూడదండి. అంతే.

గురువారం నేను రద్దు చేయలేదు. రద్దు చేసే బటను నా దగ్గరే ఉంది, నా వేలు దాని మీదికి వెళ్ళలేదు. రేపు పొద్దున పిన్నిగారిని తీసుకురండి. నేను ఇవాళ సాయంత్రం రైలుకి మా ఊరు భీమవరం వెళ్తున్నాను, సోమవారం పొద్దున మియాపూర్‌లో బస్సు దిగి తిన్నగా ఆఫీసుకే వస్తాను. రాగానే బల్ల మీద మీ ఉత్తరం ఉండాలి.

ఇట్లు,
మీ అమ్మాయి లాంటిది
భార్గవి

తా.క.: పాస్‌ని యాట తిన్న నష్టం ఏ పద్దులో రాయాలో తెలియక శివశంకర్ గారు భోజనం కూడా సగంలో లేచిపోయారు. ఆయన అసలే మాంసం తినరు, ఇకముందు యాటల్ని చూడను కూడా చూడరేమో.

*

నీ దవాఖాన, నాలుగో అంతస్తు
ఆదివారం

బిడ్డా భార్గవీ,

భూలక్ష్మి దీవెనలు. రాసేది ఎవరని చూస్తున్నవేమో, నేనే. నీ ఉత్తరాలు ఆయన నాకు చదివి ఇనిపిస్తడు. నాకు చదువు రాదని గాదు, చదివి ఇనిపించుడంటె ఆయనకు ఇష్టం.

నీ బుధవారం ఉత్తరం మా కిష్టయ్య సీటు కింద పెట్టుకొని మర్సిపోయిండు. నిన్న దొరికితే, మా ఆయన యాటకాడ ఉంటడనుకొని మా ఇంటికి కొంచవోయిండు. తాళం చూసి, మళ్ళ నీ దవాఖానకే తెచ్చిచ్చిండు. నేను నీ నెత్తి మీదనే ఉన్న బిడ్డా, కిటికీ పక్క మంచం. గురువారం నాడే నా ఆపరేషన్ అయింది.

ఎట్లంటవా. ఆయన రద్దు చెయ్యమని రాసిన ఉత్తరం అతికించలే. అతికించని ఉత్తరాన్ని చదవకుండ ఇచ్చేటంత మంచోడు గాదు కిష్టయ్య. వచ్చి నాకు చెప్పిండు, వదినా, అన్న నీ మోకాలు రద్దు చేసిండు అని. మోకాలు నాది, రద్దు చేసేతందుకు ఆయనెవరు? నాకు తెల్సినట్టు ఆయనకు తెల్వనియ్యలే. గురువారం తెల్లారంగ ఆయన యాటకు ఆకు తెచ్చేతందుకు పోయిండు. నేను చీర మార్చుకొని, దేవుని పటం ఎనుక రసీదు తీసుకొని కిష్టయ్య ఆటో ఎక్కిన. కింద పేరున్నదా అని అడిగిన. ఉన్నదన్నరు. నువ్వు ఆ బటన్ నొక్కకపోబట్టే, నీ కడుపు సల్లగుండ. కాయితం మొత్తం చదివి, సంతకం నేనే పెట్టిన.

ఆయన ఇంటికొచ్చి కుర్చీ ఖాళీగ చూసి ఉరికొచ్చిండట. అప్పటికే నన్ను లోపలికి తీసుకపోయిన్రు. యాటను ఇంటికాడ్నే ఇడిచిపెట్టిండు గాని, దాని తాడు మాత్రం చేతులనే ఉన్నది. ఆపరేషన్ అయ్యేదాక ఆ తాడు ఇడవలే. డాక్టరు సారు బయటికొచ్చి, మంచిగయింది మేస్త్రీ, నా పని మీద నాకు నమ్మకమున్నది, దావత్ ఎప్పుడు అని అడిగిండట. ఈయన అక్కడ్నే నేల మీద గూసోని ఏడ్చిండు. సిస్టర్లు చెప్పిన్రు నాకు. ఆయన చెప్పలే. కండ్లల్ల దుమ్ము పడ్డదన్నడు, మీ దవాఖానల దుమ్ము యాడున్నది బిడ్డా.

నీకు తెల్వని ముచ్చట ఒకటున్నది. ఆయన దావత్ దావత్ అని ఎందుకు అంత పట్టువట్టిండో ఆయన రాయలే, రాయడు. ఈ ఏరియాల ఎన్ని స్లాబులేసిండో ఆయనకే లెక్క తెల్వది. ఎన్నో దావతులు తిన్నడు. మాది మాత్రం రేకుల ఇల్లు. ఎండకాలం పెనం, వానకాలం డప్పు. ఎప్పటికన్న ఆ రేకులు తీసి స్లాబేద్దామని చిట్టి కడుతుండె. స్లాబేసిన నాడు ఓనరు లెక్క తువ్వాల భుజాన ఏసుకొని తన పనోళ్ళకు తాను వడ్డించాలని ఆయన ఆశ. ఇంకేం ఆశ లేదు ఆయనకు. ఆ చిట్టి ఎత్తి నా మోకాలికి కట్టిండు. నేను వద్దన్న, ఇన్ని దినాలు కుంటిన, ఇంకిన్ని దినాలు కుంటుత అన్న. స్లాబు లేకున్నా బతుకుతం, నువ్వు గడప మీద గూసుంటె నేను బతకలేను అన్నడు. నా మోకాలే ఆయన స్లాబు బిడ్డా. జీవితంల మొదటిసారి ఓనరైండు. మీరేమో దావత్ వద్దంటిరి.

నీ రూలు మంచిది. మీ నాయిన ముచ్చట నేనే ఆయనకు చదివి ఇనిపించిన, ఈసారి నా వంతు. ఆ పిల్ల చెప్పింది నిజమే, మనం పెట్టింది ఇంకొకరికి బరువు కావద్దు అన్నడు. తువ్వాల మడతపెట్టి సంచిల పెట్టిండు. అది చూసి నాకు పానం ఒప్పలే.

అందుకే నేనొక తొవ్వ చూసిన. ఆ యాటను నేను పోచమ్మ తల్లికి మొక్కిన, నా కాళ్ళ మీద నేను నడిచొస్తే ఇస్తనని. ఆషాఢం ఆదివారం నా బోనం నేనే ఎత్తుత, డాక్టరు సారు సరేనన్నడు. తల్లికాడ పెట్టింది దావత్ గాదు, ప్రసాదం. అది ఊరందరికి. వచ్చినోళ్ళకల్ల పెడతం, మోకాలు మార్పించుకున్నోళ్ళా కాదా అని అడగం. మీ దవాఖాన సుత నానక్‌రామ్‌గూడ నేల మీదనే ఉన్నది గద, మరి మీరు ఊరోళ్ళు గారా? డాక్టరు సారు మీ కమిటీని అడిగొచ్చిండు. ప్రసాదానికి రేట్ల పట్టికల జాగ లేదని వాళ్ళు ఒప్పుకున్నరట.

మీ పద్ధతి ప్రకారం నీకు ముందే అంచనా రాసిస్తున్న, జాగ్రత్తగ చదువుకో. యాట కూర, బగారా అన్నం, పెరుగు చట్నీ. శివశంకర్ సారుకు వేరే పొయ్యి మీద పప్పు, పచ్చిపులుసు. నువ్వు కట్టేది ఏం లేదు. ఇది గుత్త, ఎంత తిన్నా రేటు మారదు. రెండోసారి వడ్డించుడు ప్యాకేజీల ఉన్నది, వద్దంటె నడవదు. ఇంటికి డబ్బాల కట్టిచ్చుడు సుత ఉన్నది. వడ్డించేటోడు లింగమూర్తి మేస్త్రీ, తువ్వాల మళ్ళ తీయించిన. ఇందుల ఏమన్న మార్పుంటె నీ సంతకం తీసుకున్నంకనే చేస్తం. మీ నాయినను సుత తోల్కరా. నొప్పుంటె నొప్పున్నదని చెప్పమను, మా కాడ దానికి ఏం పడదు.

రేపు ఇంటికి పంపుతమన్నరు. పోయే ముందు పైకొచ్చి ఒకసారి మొకం చూపించు.

ఇట్లు,
కుడికాలు నేల మీద మోపిన
భూలక్ష్మి

తా.క.: నిన్న ఆఖరి బిల్లొచ్చింది. నువ్వు రాసిచ్చినదానికి రూపాయి తేడా లేదు. కింద మాత్రం 'విజిటర్ పాస్ పోయినందుకు' అని శివశంకర్ సారు సొంతంగ ఒకటి ఏసిండు. మా ఆయన సిగ్గుపడి జేబుల చెయ్యి పెట్టిండు. నేను ఆపిన. సారూ, ముందు ఇచ్చిన కాయితంల యాట పాస్ తింటదని రాయలే గద, రాయనిది తీసుకోవద్దని రూలు గద అన్న. ఆయన తలెత్తి గోడ మీద అదే రూలు రాసున్న బోర్డు చదివిండు. అటెన్క ఆ లైను కొట్టేసి పక్కన సంతకం పెట్టిండు. ఆయన అటు పోంగనే మా ఆయన నా చెవుల, పాపం సారుకు రాయి తగిలిందే అన్నడు. గురువారం సంది ఆయన నవ్వుడు అదే మొదలు.